రెండు బందెలదొడ్లు

ఒక నివేదికలో ఒక వాక్యం తప్పుగా ఉంది. దాన్ని దిద్దడానికి ఇది రాస్తున్నాను.

"పంటలో పడ్డ పశువులను స్థానిక ఆచారం ప్రకారం నిర్బంధించాం" అని దాని అర్థం. ఇంగ్లీషులో అది ఒక వరుస కూడా నిండదు. ఆఫ్రికాలోని ఒక దేశానికి శాంతిదళంగా వెళ్లిన మా బెటాలియన్, అక్కడ గడిచిన ఒక చెడ్డ రోజు గురించి రాసుకున్న కాగితాల్లోది. కానీ అది ఆ దేశపు ఆచారం కాదు, మా బోథ్ దిక్కు ఆచారం. దాన్ని అక్కడికి మోసుకుపోయింది నేను.

పెద్ద చదువులు లేనివాణ్ని. పది పాసై సైన్యంలో చేరాను. ఫౌజు వదిలాక కరీంనగర్‌లో ఒక బ్యాంకు ముందు కాపలా ఉద్యోగం దొరికింది. డ్యూటీ లేని పూటంతా గ్రంథాలయంలోనే. మొదట పేపర్ల కోసం వెళ్లేవాణ్ని, తర్వాత యుద్ధాల చరిత్రలు, ఆ తర్వాత శాంతిదళాల చరిత్రలు. ఇంగ్లీషు పుస్తకమైతే పక్కన నిఘంటువు పెట్టుకుని రోజుకు నాలుగు పేజీలు. అట్లా చదివి చదివి ఒక సంగతి పట్టుకున్నాను. సైన్యం తన తప్పుల నుంచి నేర్చుకుంటుంది. కాగితం మీదికి ఎక్కిన తప్పు నుంచే నేర్చుకుంటుంది. కాగితం మీద తప్పు ఎవరిదో సరిగా లేకపోతే, అది అక్కడి ఊరివాళ్ల మీదికి పోతుంది.

నేను కొత్తగా చేరినప్పుడు శాంతిదళం పాఠం గంటలో అయిపోయేది. మా ఉస్తాద్ మూడు ముక్కలు చెప్పేవాడు. రెండు పక్షాల నడుమ నిలబడు, చూసింది రాసుకో, నీ మీద కాల్చితే తప్ప తుపాకీ ఎత్తకు. కొన్నేళ్లకు పాఠం మారింది. కళ్లముందు జనాన్ని నరుకుతుంటే రాసుకుంటూ నిలబడ్డవాళ్లు శాంతిదళం ఎట్లవుతారని లోకం అడిగింది. సామాన్యులను కాపాడటం మా పనుల్లో చేరింది, అవసరమైతే కాల్చవచ్చని కూడా వచ్చింది. మేం వెళ్లేనాటికి ఇంకొకసారి మారింది. బండి దిగి నడవాలి, పెద్దమనుషులతో కూర్చోవాలి, ఆడవాళ్ల కష్టం వినడానికి మహిళా సైనికులు ఉండాలి. ఆదేశం మారినప్పుడల్లా మాకు తెలిసేది, ఎందుకు మారిందో తెలిసేది కాదు. ఆ ఎందుకు అన్నది నాకు దొరికింది కరీంనగర్ గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల మీద.

ఇదంతా నాలోనే ఉంచుకుని పోయేవాణ్నేమో. మొన్నటి పొలాల అమావాస్య ముందు రోజు పొద్దున ఆరింటికి మా అన్న ఫోన్ చేశాడు.

"తమ్మీ, జర జల్ది రావాలె. అక్కోళ్ల ఊరి ఎడ్లు మన పత్తి చేన్ల పడ్డయ్. మన పోరగాళ్లు తోలుకొచ్చి బందెలదొడ్ల ఏసిండ్రు."

"ఎప్పుడు?"

"నిన్న పొద్దూకంగ. తాళమేసిండ్రు. గాళ్లు కల్వట్ మీద ట్రాక్టర్ అడ్డం పెట్టిండ్రు. బావ గూడ కట్టె పట్టుకొని గాడ్నే ఉన్నడట."

"తాళం చెవి ఎవరి దగ్గరున్నది?"

"నా తాననే."

మా దిక్కు తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. ఒకరి పశువులు ఇంకొకరి చేన్లో పడితే తోలుకొచ్చి ఊరి దొడ్డిలో కట్టేస్తారు, దాన్నే బందెలదొడ్డి అంటాం. పశువులవాడు వచ్చి, తప్పయిందని ఒప్పుకుని, దండుగ కట్టి విడిపించుకుపోతాడు. ఇప్పుడు చాలా ఊళ్లలో ఆ దొడ్లు పాడుబడ్డాయి. మా ఊళ్లో గోడలు, గేటు మిగిలాయి. ఇక పొలాల అమావాస్య అంటే ఎడ్ల పండుగ. మహారాష్ట్ర పక్కనే కాబట్టి మాకూ పెద్ద పండుగ. ముందు రోజు ఎడ్లను వాగులో కడిగి, కాడి మోసిన మెడకు వెన్న, పసుపు రాస్తారు. తెల్లవారి కొమ్ములకు రంగులేసి, గజ్జెలు కట్టి, హనుమాండ్ల గుడి చుట్టూ తిప్పుతారు. ఆ రోజు ఎద్దు ఇంటి ముందు లేకపోవడమంటే ఇంట్లో మనిషి లేనట్టే.

పొద్దుగూకేలోపు ఎడ్లు విడుదల కాకపోతే అక్క ఊరివాళ్లు కట్టెలతో వాగు దాటి వస్తారు. ముందు నడిచేవాడు అక్క భర్త, మా బావ, ఎదురు నిలిచేవాడు మా అన్న. నాకు అర్థమైంది ఇంతే. చదువుతున్న పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని బస్టాండుకు పోయాను.

జగిత్యాల దాటేదాకా పుస్తకం తెరవలేదు, తర్వాతా తెరవలేదు. బస్సు కిటికీలోంచి చూసిన ప్రతి చేన్లో నాకు ఆ దేశపు జొన్నచేనే కనిపించింది.

అక్కడ మా క్యాంపు పక్కనే, ఊళ్లు వదిలి పారిపోయి వచ్చిన జనం గుడిసెలు వేసుకుని ఉండేవారు. వాళ్లను కాపాడటమే మా పని. గుడిసెల వెనక కొంచెం జొన్న వేసుకున్నారు. నది అవతల పశువుల మందలతో తిరిగే ఇంకొక తెగ. రెండు తెగల నడుమ నాలుగు నెలలుగా కొట్లాట లేదు. ఆడవాళ్లు నదికి నీళ్లకు పోయి వస్తున్నారు. ఆ దారి తెరిచి ఉండటమే మాకు గర్వం.

ఒకరోజు అవతలి మంద జొన్నలో పడింది. గుడిసెలవాళ్లు ఈటెలు పట్టుకుని బయలుదేరారు. ఏం చేద్దామని మా అధికారి చుట్టూ ఉన్నవాళ్లను అడిగాడు. నేను హవల్దారును, రైతు బిడ్డను. ముందుకు వచ్చి చెప్పాను. సాబ్, మా ఊళ్లో అయితే కట్టేస్తాం. పశువులవాడు వచ్చి అడుగుతాడు, మాట్లాడుకుంటారు, కొట్లాట ఉండదు. ఎక్కడైనా పల్లె పల్లెనే కదా సాబ్.

అధికారికి నచ్చింది. నా భుజం తట్టాడు. ముళ్లకంచె వేసిన ఖాళీ జాగాలోకి మందను మేమే తోలాం. ఎద్దును ఎట్లా అదిలించాలో పట్నం పిల్లలకు నేనే చూపించాను.

మాకొక దుబాసీ ఉండేవాడు, ఆ దేశపు మనిషి, పొడుగ్గా, మెల్లగా మాట్లాడేవాడు. కంచె దగ్గర నా పక్కకు వచ్చి ఇంగ్లీషులో అన్నాడు. "వద్దు. వాళ్లు అడగడానికి రారు. ఇక్కడ ఎద్దును పట్టుకున్నవాడు దొంగ. దొంగను ఎవరూ అడగరు. ఇప్పుడే వదిలేయమని మీ అధికారికి చెప్పు."

చెప్తానన్నాను. చెప్పలేదు. అప్పుడే భుజం తట్టించుకున్నవాణ్ని. సాయంత్రం చూద్దాం, వాళ్లు వస్తారులే అనుకున్నాను.

వాళ్లు తెల్లవారి వచ్చారు. నీళ్లదారి మీదుగా వచ్చారు. దుబాసీ చేతులెత్తి ఎదురుపోయాడు, తొడలో గుండు దిగింది. ఆస్పత్రిలో కాలు తీసేశారు. నీళ్లకు పోయిన ఇద్దరు ఆడవాళ్లలో ఒకామె తిరిగి రాలేదు. వానలు మొదలయ్యేదాకా ఆ దారి మూసే ఉంది.

కొత్తగా వచ్చిన అధికారి పద్ధతి మార్చాడు. ఏ పని చేసినా ముందు, ఎవరికి నొప్పి తగులుతుందో వాళ్ల దగ్గర కూర్చోవాలి అన్నాడు. ఒకరిద్దరు చాలరు, ఆడవాళ్లూ ఉండాలి అన్నాడు. పశువుల డాక్టరును నది అవతలికి పంపాడు. ఆరు నెలలకు దారి మళ్లీ తెరుచుకుంది. మేం తిరిగి వచ్చాం. మా కాగితాల్లో నేను పైన రాసిన వాక్యం ఉంది. ఎవరు చెప్పారని విచారణలో నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

తర్వాత కొన్నేళ్లకు, అదే దేశానికి పోబోయే జవాన్ల క్లాసులో నేను వెనక బెంచీ మీద ఉన్నాను. పాఠం చెప్పే అధికారి ఆ వాక్యం చదివి, "అక్కడ పశువులను కట్టేయడం ఆచారం, కానీ దానివల్ల గొడవలు పెరుగుతాయి, గుర్తుంచుకోండి" అన్నాడు. అందరూ రాసుకున్నారు. నేను లేచి నిలబడలేదు.

నిర్మల్ దాటి ఘాట్ ఎక్కుతుంటే వాన పడింది. బోథ్‌లో దిగి ఆటో పట్టుకుని ఊరు చేరేసరికి ఒంటిగంట దాటింది.

బందెలదొడ్డి ముందు ఇరవై మంది ఉన్నారు. లోపల ఎడ్లు బురదలో నిలబడి ఉన్నాయి. ఒకదాని కొమ్ము సగానికి విరిగి రక్తం గడ్డ కట్టింది. అన్న కొడుకు గేటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"కాక వచ్చిండు! ఇగ ఫికర్ లేదు," అని అరిచాడు. "గా ఆఫ్రికాల గిసొంటి పంచాయితీలు మస్తు తెంపిండు మా కాక. చెప్పు కాక, గాళ్లను కాళ్లమీద పడగొడదామా?"

"కొమ్మెట్ల ఇరిగింది?"

"దుంకింది గోడకు. మేమేం చేస్తం."

"నీళ్లు పెట్టిండ్రా?"

లోపల తొట్టి ఎండి ఉంది. "పో, తొట్టి నింపు," అన్నాను. గొణుక్కుంటూ పోయాడు.

అన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా జేబు మీద చెయ్యి, జేబులో తాళం చెవి. "గాళ్లు రావాలె తమ్మీ," అన్నాడు. "ఇద్దరు పెద్దమనుషులు వచ్చి తప్పయిందంటే ఇచ్చేస్తం. మూడెకరాల పత్తి సాప పరిచినట్టు పరిచినయ్. అడుగకుంటె ఎట్లిస్తం? నువ్వే చెప్పు."

వాళ్లు వస్తారులే. నేను కంచె దగ్గర అనుకున్న మాటే అది.

అక్కడే, అందరి ముందు, ఆ జొన్నచేను సంగతి చెప్పాను. భుజం తట్టించుకున్నది చెప్పాను. దుబాసీ చెప్పమన్నదీ, నేను చెప్పనిదీ చెప్పాను. నీళ్లకు పోయి తిరిగి రానామె గురించీ చెప్పాను. నీళ్ల బకెట్ పట్టుకున్న అన్న కొడుకు దాన్ని కింద పెట్టకుండా అట్లనే నిలబడ్డాడు.

అన్న నా దిక్కు తిరిగాడు. "ఇన్నేండ్ల సంది గీ ముచ్చట మాకెందుకు చెప్పలే?"

"మీరంత నన్ను మెచ్చుకుంటుంటిరి అన్నా."

జేబులోంచి చెవి తీశాడు. ఇవ్వలేదు, చేతిలో పట్టుకున్నాడు. "ఇప్పుడేం చేద్దామంటవ్?"

"ఎడ్లను మనమే కడుగుదం. మెడకు వెన్న రాసి, గజ్జెలు కట్టి, మనమే గాళ్ల పొలిమేరకు తోలుకపోదం. గంతకన్న మర్యాద ఏముంటది?"

"మన పత్తి తొక్కినయ్, మనమే సింగారించాల్నా?" అన్నాడు వెనకనుంచి ఎవరో. అన్న చెయ్యెత్తి ఆపాడు. "ముందుగాల పోయి మాట్లాడిరా. ఒక్కనివే పో."

రెండూళ్ల నడుమ వాగు కల్వర్టు మీద ట్రాక్టరు ట్రాలీ అడ్డంగా ఉంది. నలభై మంది దాకా ఉన్నారు. కట్టెలు, రెండు మూడు గొడ్డళ్లు. బావ ట్రాలీ మీద కూర్చుని ఉన్నాడు.

"వచ్చిండ్రోయ్ మిలిటరీ బామ్మర్ది! ఏది నీ నీలం టోపీ? మధ్యల నిలబడెటోళ్లు పెట్టుకుంటరు గద?"

"ఇంట్ల ఉన్నది బావా. జర నీళ్లియ్యి."

"నీళ్లా? మీ ఊరోళ్లు మా ఎడ్లకు పోసిండ్రా?"

"ఇప్పుడే పోసిండ్రు. పొయ్యకముందు పొయ్యలే, గది తప్పే."

బావ సీసా అందించాడు. కింద రాళ్ల మీద కూర్చున్నాను. అందరూ నిలబడి ఉన్నారు, నేనొక్కణ్నే కూర్చున్నాను. మేం తోలుకొస్తాం, కడిగి, సింగారించి తెస్తాం అని నా ఆలోచన చెప్పాను.

ఒక్కసారిగా అందరి ముఖాలూ మారిపోయాయి. కట్టె నేలకు కొట్టిన చప్పుడు. వెనకనుంచి ఒక ముసలాయన ముందుకు వచ్చాడు. విరిగిన కొమ్ము ఎద్దు ఆయనదని తర్వాత తెలిసింది.

"పొలాల ముందు రోజు నా ఎద్దు మెడ మీద ఇంకొకని చెయ్యా?" అన్నాడు. "నేను సచ్చిన్నా? నా ఎద్దుకు ఇంకొకడు వెన్న రాసుడేంది?"

చిన్నప్పటి నుంచి చూసిన పండుగ. ఎద్దు మెడకు ఇంటివాడే రాయాలని నాకు తెలియక కాదు. తోచలేదు. అక్కడ వాళ్లను అడగలేదు, ఇక్కడా అడగకుండానే వచ్చాను. ఇంకొక నిమిషం నేనే మాట్లాడి ఉంటే ఏమయ్యేదో.

"పెద్దయ్యా," అన్నాను, "తప్పు మాట్లాడిన. ఎట్లయితె మంచిగుంటదో మీరే చెప్పుండ్రి. నేను ఇంటున్న."

అందరూ ఒక్కసారే చెప్పారు. ఎద్దుకు మందు పెట్టాలన్నారు, కొమ్ము విరిచినవాణ్ని అప్పగించాలన్నారు. నేను ఒక్కొక్క మాట వింటూ పోయాను. చివరికి బావ ట్రాలీ దిగాడు.

"మీరు ఇచ్చుడు వద్దు, మేము అడుగుడు వద్దు," అన్నాడు. "మేము ఆడికొచ్చినప్పుడు దొడ్డి కాడ ఒక్కడు గూడ కండ్లవడొద్దు. గేటు తెరిచుండాలె. మా ఎడ్లను మేమే తోలుకుంటం, మేమే కడుక్కుంటం. పత్తి సంగతి పండుగైనంక. ఆ చేన్ల శెనగ ఏసేటప్పుడు మా ఎడ్లతోనే దున్నుతం. గిది మాట."

ముసలాయన కాదనలేదు.

వెనక్కి వచ్చి చెప్తే మా ఊరి పిల్లలు మండిపడ్డారు. "మనమెందుకు ఇండ్లల్ల దాక్కోవాలె కాక? గాళ్లొచ్చి ఊరంత తగలవెడితే?"

ఆ భయం నాకూ ఉంది. ఖాళీ ఊళ్లోకి నలభై మంది కట్టెలతో వస్తారు. నేను హామీ ఇవ్వలేను. ఇవ్వలేనని చెప్పాను.

అన్న లేచాడు. గేటు దగ్గరికి పోయి తాళం తీశాడు. గేటు బార్లా తెరిచి, తాళాన్ని, చెవిని గోడ మీద పెట్టాడు.

"దాక్కునుడెందుకు?" అన్నాడు. "పొద్దటి సంది గీ పంచాయితీల పడి మన ఎడ్లను కడుగనే లేదు. నడువుండ్రి వాగుకు. అందరు తోలుండ్రి. పైరేవుకు పోదం."

అట్లా ఊరు ఊరంతా ఎడ్లను తోలుకుని వాగు పైరేవుకు బయలుదేరింది. అన్న కొడుకు రెండుసార్లు వెనక్కి తిరిగాడు. అన్న చూపు చూసి ముందుకు నడిచాడు.

మోకాలి లోతు నీళ్లలో నిలబడి అన్నా నేనూ ఒక ఎద్దును కడిగాం. గడ్డితో రుద్దుతున్నామే గానీ ఇద్దరి చెవులూ ఊరి దిక్కే ఉన్నాయి. కుక్క మొరిగింది, ఆగింది. వాగు ఒడ్డున ముప్పై మంది మగవాళ్లు అంత నిశ్శబ్దంగా ఎడ్లను కడగడం నేనెన్నడూ చూడలేదు. ఇంటికప్పుల మీద పొగ లేస్తుందేమోనని చూశాను. లేవలేదు.

పొద్దు కొంచెం వాలాక కిందిరేవులో మెడగంటల చప్పుడు వినపడింది. ఒకటి, తర్వాత చాలా. బావ వాళ్లు ఎడ్లతో నీళ్లలోకి దిగారు. మాకూ వాళ్లకూ నడుమ రెండు వందల అడుగులు ఉండొచ్చు. మేం కడిగిన బురద నీళ్లు వాళ్ల దాకా పోతున్నాయి. ముసలాయన తన ఎద్దు తల పట్టుకుని, విరిగిన కొమ్ము చుట్టూ అరచేత్తో నీళ్లు పోశాడు. తలెత్తి మా దిక్కు చూశాడు. చాలాసేపు చూశాడు. మళ్లీ నీళ్లు పోయడంలో పడ్డాడు.

అన్న నెమ్మదిగా అన్నాడు. "మన ఎడ్లను బయటికి తియ్యుండ్రి. నీళ్లు తేటవడనియ్యి."

మేం ఒడ్డుకు ఎక్కాం.

ఈ ఏడు బతుకమ్మకు అక్క వచ్చింది, బావ రాలేదు. శనగ వేసేనాటికి వాళ్ల ఎడ్లు వచ్చాయి. నాగలి కట్టిన ఒక ఎద్దుకు కొమ్ము సగమే ఉంది. తోలిన మనిషి మా ఇంట్లో చాయ్ తాగలేదు, నీళ్లు తాగాడు.

కరీంనగర్ తిరిగి వచ్చిన వారంలో, జవాన్లకు పాఠం చెప్పే ఆ కేంద్రానికి ఉత్తరం రాశాను. ఆ వాక్యంలో "స్థానిక ఆచారం" అన్నచోట నా హోదా, నా ఊరు రాయమని కోరాను. అక్కడి మనిషి ఒకరు వద్దని చెప్పారని, ఆ మాట పైకి పోలేదని కూడా చేర్చమన్నాను. ఇప్పటిదాకా జవాబు లేదు. రేపెవరైనా నాలాంటివాడు ఏ గ్రంథాలయంలోనో ఆ నివేదిక తెరిస్తే, దాని పక్కన ఇదీ ఉండాలి.

పేర్లు వద్దని ఊళ్లో అందరూ అన్నారు కాబట్టి పేర్లు లేకుండానే మొక్కుతున్నాను. చిత్తుప్రతి చదివి, నన్ను నేను మంచిగా చూపించుకున్న రెండు పేజీలు కొట్టేయించిన గ్రంథాలయ ఉద్యోగినికి. నేనడిగిన ఇంగ్లీషు పుస్తకాన్ని హైదరాబాదు నుంచి తెప్పించిన ఆమె పై అధికారికి. గేటు తెరిచిన అన్నకు. ఇది అచ్చయినా పరవాలేదన్న అన్న కొడుక్కు. మాట చెప్పి, చెప్పినట్టే ఎడ్లను పంపిన బావకు. పండుగైనాక రెండూళ్ల నడుమ మాటలు మోసిన అక్కకు. తన ఎద్దు గురించి రాసుకోమని తలూపిన పెద్దాయనకు.

అందరికన్నా ముందు చెప్పాల్సినవాణ్ని చివరికి ఉంచాను. ఒంటికాలి మీద ఎక్కడున్నాడో తెలియని ఆ దుబాసీకి. నువ్వు చెప్పమన్న మాట, ఆలస్యంగానే అయినా, చెప్పాను.